అబ్బాయిలు అన్నం మానేస్తే

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తల్లిదండ్రులు ఉన్నారు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు ఉన్నారు, హాస్టల్ వార్డెన్లు, పీఈటీలు ఉన్నారు. జిమ్ ట్రైనర్లు కూడా ఒకరిద్దరు వచ్చారట. మంచిది. వాళ్లు రావడం మరీ మంచిది. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

అనొరెక్సియా నెర్వోసా. తిండికి భయపడి, తినడం తగ్గించుకుంటూ ఒళ్లు కరగబెట్టుకునే జబ్బు. ఈ పేరు వినగానే మీ కళ్ల ముందు ఎవరు కనిపించారు? ఎముకల గూడులా ఉన్న ఒక అమ్మాయి. అవునా? పదహారేళ్ల అబ్బాయి కనిపించినవాళ్లు చెయ్యెత్తండి. ఒకరు... ఇద్దరు. చూశారా. డాక్టర్లని ఇదే ప్రశ్న అడిగినా చేతులు ఇంతకంటే ఎక్కువ లేవవు. ఆ కనిపించకపోవడం గురించే ఇవాళ నా గొడవంతా.

ఇది కొత్తగా అబ్బాయిలకి అంటుకున్న జబ్బేమీ కాదు. ఇంగ్లండులో రిచర్డ్ మోర్టన్ అనే వైద్యుడు 1689లో క్షయ మీద రాసిన పుస్తకంలో, క్షయ లేకుండానే క్షీణించిపోయిన ఇద్దరి గురించి రాశాడు. ఈ జబ్బుకి వైద్యులు రాసిపెట్టిన తొలి వర్ణనలుగా వాటినే చెప్తారు. ఒకరు పద్దెనిమిదేళ్ల అమ్మాయి. రెండోవాళ్లు ఎవరు? పదహారేళ్ల అబ్బాయి. ఒక మతగురువు కొడుకు. మరీ ఎక్కువగా చదవడం వల్ల, మనసులోని ఆవేశాల వల్ల ఆకలి పోయిందని రాశాడాయన. ఏం వైద్యం చేశాడు? పుస్తకాలు పక్కన పెట్టించాడు, పల్లెటూరికి పంపించాడు, పాలు పట్టించాడు. అబ్బాయి చాలావరకు కోలుకున్నాడు. అమ్మాయి మందులు వద్దంది, కొన్నాళ్లకి చనిపోయింది. మూడు వందల ఏళ్ల కిందటే, ఇద్దరిలో ఒకడు మగపిల్లాడు. అదీ చదువుల మగపిల్లాడు. మన ఇంటర్మీడియట్ పిల్లలు గుర్తొస్తున్నారా?

తర్వాత 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు ఈ పేరు పెట్టాడు. అప్పట్లో ఇలాంటివాటికి హిస్టీరియా అని పేరు తగిలించేవాళ్లు. హిస్టీరియా అంటే ఆ రోజుల్లో ఆడవాళ్ల జబ్బు. గల్ ఆ మాట వద్దన్నాడు. మగవాళ్లకీ వస్తోంది కాబట్టి ‘నెర్వోసా’, అంటే నరాలకి సంబంధించినది అందాం అన్నాడు. అంటే పేరు పెట్టేటప్పుడే మగపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిన పేరు ఇది. తర్వాతివాళ్లం మర్చిపోయాం. ఎంత మర్చిపోయామంటే, అమెరికా సైకియాట్రీ సంఘం లక్షణాల పట్టికలో నెలసరి ఆగిపోవడం అన్న అంశం 2013 దాకా ఉంది. అది ఆడపిల్లలకే వర్తిస్తుందని రాసే ఉంది, కాదనను. కానీ పట్టికలో ఆ వరుస కనిపించాక ఏ డాక్టరు మాత్రం అబ్బాయి వైపు చూస్తాడు?

లెక్క కావాలా? అమెరికాలో 2007లో అచ్చయిన జాతీయ సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చినవాళ్లు ఆడవాళ్లలో 0.9 శాతం, మగవాళ్లలో 0.3 శాతం. అంటే నలుగురు రోగుల్లో ఒకరు మగవాడు. మరి ఆసుపత్రికి వచ్చేవాళ్లలో నలుగురికి ఒకడు ఉంటున్నాడా? లేడు. ఎక్కడున్నాడు? ఇంట్లో ఉన్నాడు. గ్రౌండులో పరిగెడుతున్నాడు. జిమ్‌లో ఉన్నాడు. అందరూ వాణ్ని మెచ్చుకుంటున్నారు.

మెచ్చుకుంటున్నారు. ఈ మాట పట్టుకోండి. అమ్మాయి చిక్కిపోతే ‘ఏమ్మా, ఒంట్లో బాగాలేదా’ అంటాం. అబ్బాయి చిక్కితే ‘ఏరా, సిక్స్‌ప్యాక్ కొడుతున్నావా’ అంటాం. జబ్బు మొదటి ఆరు నెలలు ఈ మెప్పు మీదే బతుకుతుంది.

మామూలుగా ఎలా మొదలవుతుందో చెప్తాను. అబ్బాయి కాస్త బొద్దుగా ఉంటాడు. చాలామంది అబ్బాయిల్లో ముందు బరువు ఎక్కువే ఉంటుంది. క్లాసులో ‘గుమ్మడికాయ’ అంటారు, బంధువులు బుగ్గ గిల్లి పొట్ట మీద తడతారు. పదో తరగతి సెలవుల్లో పరుగు మొదలుపెడతాడు. స్వీట్లు మానేస్తాడు. అయిదారు కిలోలు తగ్గుతాడు. అందరికీ ఆనందం. ఇక్కడ ఆగితే గొడవే లేదు. ఆగడు. నూనె పోతుంది. తర్వాత రాత్రి అన్నం పోతుంది. గుడ్డులో పచ్చసొన పోతుంది. పెరుగు మజ్జిగవుతుంది, మజ్జిగ నీళ్లవుతుంది. వంటింట్లోకి చిన్న త్రాసు వస్తుంది. ‘సన్నబడాలి’ అని వీడు అనడు, అది గుర్తుపెట్టుకోండి. ‘లీన్ అవ్వాలి’, ‘కట్స్ కనపడాలి’, ‘ఫ్యాట్ పర్సంటేజీ తగ్గాలి’ అంటాడు. అమ్మాయిల కోసం తయారుచేసిన ప్రశ్నపత్రం తెచ్చి ‘తొడలు లావుగా ఉన్నాయని బాధగా ఉందా’ అని అడిగితే లేదంటాడు. నిజమే చెప్తాడు. వాడి బాధ తొడల గురించి కాదు, పొట్ట గురించి.

దీనికి అవతలి చివర ఇంకో జబ్బు ఉంది. ఎంత కండ పెంచినా తను బక్కగానే ఉన్నాననుకోవడం. అమెరికా సైకియాట్రిస్టు హారిసన్ పోప్ బృందం 1990లలో దాన్ని మొదట ‘తిరగబడ్డ అనొరెక్సియా’ అంది, తర్వాత మజిల్ డిస్మార్ఫియా అంది. రెండూ వేరు జబ్బులే గానీ, ఒకే అబ్బాయి ఏడాదిలో ఇటు నుంచి అటు జారడం ఉంటుంది. ట్రైనర్లూ, మీకు పనికొచ్చే మాట ఇది. వారంలో ఒక్కరోజు జిమ్ మూసేస్తే అల్లాడిపోయేవాణ్ని, జ్వరంతో కూడా వచ్చేవాణ్ని, బరువు తగ్గుతూ ఉన్నా ఇంకా కొవ్వు తగ్గించే ‘కటింగ్’ చార్టు అడిగేవాణ్ని చూస్తే డైట్ చార్టు ఇవ్వకండి. ఇంటికి ఫోన్ చెయ్యండి.

ఇక మన దగ్గర ఒక చిక్కుంది. మనవాళ్లలో కొందరు పిల్లలు ‘లావవుతానని భయం’ అనే అనరు. ‘కడుపు నిండుగా ఉందమ్మా’, ‘గ్యాస్ పట్టేసింది’, ‘అరగట్లేదు’ అంటారు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు 1990లలోనే ఇలాంటి రోగుల గురించి రాశాడు. అక్కడా ఇదే మాట, కడుపు ఉబ్బరం. పిల్లాడు అబద్ధం ఆడుతున్నాడా? కాదు. పస్తులున్న కడుపు కదలిక మందగిస్తుంది. తిన్నది పొట్టలోంచి దిగడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది. నాలుగు ముద్దలకే నిండిపోతుంది. మలబద్ధకం వస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? గ్యాస్ట్రో డాక్టరు, ఎండోస్కోపీ, పరగడుపున గ్యాస్ మాత్ర. మూడు నెలలు గడుస్తాయి. ఆ ఉబ్బరానికి మందు మళ్లీ తినడమే. కొన్ని వారాలు క్రమంగా తింటే కడుపు మళ్లీ దారికొస్తుంది.

ఉపవాసాల సంగతి అడుగుతారని తెలుసు. దీక్షని నేను తప్పుపట్టను. అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్లు మండలం రోజులు నియమంగా ఉంటారు, మాల తీశాక నాలుగు రోజుల్లో మామూలు భోజనానికి వచ్చేస్తారు. రంజాన్ నెలలో రోజా ఉన్నవాడు ఇఫ్తార్‌కి అందరితో కూర్చుని తింటాడు. మరి వీడు? మాల తీశాక కూడా నియమం వదలడు. పెళ్లి భోజనంలో బంతిలో కూర్చోడు, వడ్డించేవాళ్లలో చేరతాడు. చూడటానికి ఎంత మంచి కుర్రాడో! దగ్గరుండి అందరికీ నెయ్యి వేస్తాడు, తను ముట్టుకోడు. నియమం ఎప్పుడు ముగుస్తుందో లేని ఉపవాసం ఉపవాసం కాదు.

మిన్నెసోటా కుర్రాళ్లు

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తున్నాను. ఇష్టమైన అనకూడదేమో, కానీ ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, యూరప్‌లో ఆకలితో మాడిన జనానికి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవాలని అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. 36 మంది యువకులు. అందరూ మగవాళ్లే. యుద్ధంలో తుపాకీ పట్టం అని చెప్పి, దానికి బదులు ఈ సేవకి ఒప్పుకున్నవాళ్లు. ఒంటికీ మనసుకీ ఆరోగ్యవంతులని పరీక్షించి ఎంచుకున్నారు. మొదట మూడు నెలలు మామూలు భోజనం, రోజుకి సుమారు 3200 క్యాలరీలు. తర్వాత 24 వారాలు దాదాపు సగం, సగటున 1570. బంగాళాదుంపలు, క్యాబేజీ, రొట్టె, మాకరోనీ. వారానికి 35 కిలోమీటర్ల నడక. ఒక్కొక్కరు బరువులో దాదాపు పావు వంతు కోల్పోయేలా లెక్కగట్టారు.

1570 క్యాలరీలు. ఇవాళ బరువు తగ్గాలనుకునే పదిహేడేళ్ల కుర్రాడికి ఫోన్‌లో క్యాలరీ యాప్ ఇచ్చే అంకె కొన్నిసార్లు ఇంచుమించు ఇంతే ఉంటుంది. ఆ ప్రయోగం మీద కీస్ బృందం రాసిన పుస్తకంలో దాన్ని ఏమన్నారు? అర్ధాకలి అన్నారు.

ఏమైంది వాళ్లకి? గుండె నిమిషానికి 55 సార్లు కొట్టుకునేది 35కి పడింది. జూలై ఎండల్లో చలి వేసింది. ఆడవాళ్ల మీద ఆసక్తి పోయింది. స్నేహాలు పోయాయి, ఎవరిగదిలో వాళ్లు ముడుచుకున్నారు. చిరాకు, దిగులు. ఒకాయన గొడ్డలితో తన వేళ్లు తనే నరుక్కున్నాడు. తిండి సంగతి వినండి. భోజనం ముందు గంటల తరబడి ప్లాన్లు వేసేవాళ్లు. కొద్దిపాటి తిండిని రెండు గంటలు నమిలేవాళ్లు, నీళ్లు కలిపి పెద్దది చేసుకునేవాళ్లు, కంచం నాకేవాళ్లు. చూయింగ్ గమ్ డబ్బాలు డబ్బాలు నమిలారు. వంటల పుస్తకాలు కొని రాత్రుళ్లు చదివారు. వంటతో ఏ సంబంధమూ లేని మగవాళ్లు!

ఇప్పుడు మీ ఇంట్లో అబ్బాయిని చూడండి. యూట్యూబ్‌లో గంటల తరబడి వంటల వీడియోలు చూస్తాడు, తినడు. చెల్లికి కేకు చేసి పెట్టి తింటుంటే చూస్తాడు. మే నెలలో స్వెట్టర్. ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఎత్తడు. అమ్మ మీద అరుపులు. ‘వీడి స్వభావమే మారిపోయిందండీ’ అంటారు తల్లులు. స్వభావం మారలేదు. ఆకలి మార్చింది. మిన్నెసోటా కుర్రాళ్లకి లావు భయం లేదు, అద్దం గోల లేదు. ఉత్త ఆకలికే ఇన్ని మార్పులొచ్చాయి. మరి అక్కడివాళ్లకీ వీడికీ తేడా ఏంటి? వాళ్లకి తిండి దొరకగానే ఎగబడి తిన్నారు. వీడు తినలేడు. తిండి చూస్తే వీడికి ప్రాణభయం లాంటిది పుడుతుంది. ఆ భయం జబ్బు. మిగిలినదంతా ఆకలి చేసే పని.

కాబట్టి ఏం చెయ్యాలి? ముందు తిండి, తర్వాత మాట. ‘ముందు కౌన్సెలింగ్ ఇప్పిద్దాం, వాడికి అర్థమైతే వాడే తింటాడు’ అనుకోకండి. ఎండిపోయిన బుర్రకి అర్థం కాదు. తింటే అర్థమవుతుంది.

నాడి చూడటం

ఇంట్లో ఏం గమనించాలి? మొదటిది, బరువు తగ్గడం ఒక్కటే కాదు, పెరగకపోవడం కూడా లెక్కే. యవ్వనం ఉధృతంగా ఉన్న ఏడాదిలో మగపిల్లాడు తొమ్మిది కిలోల దాకా పెరుగుతాడు, తొమ్మిదిన్నర సెంటీమీటర్ల దాకా ఎదుగుతాడు. పద్నాలుగేళ్లవాడు ఏడాదంతా అదే బరువులో ఉంటే, అది తగ్గడం కిందే లెక్క. స్కూల్ హెల్త్ కార్డులు పారేయకండి. రెండోది, వాడి బరువు పట్టికలో మామూలుగా కనిపించవచ్చు. 85 కిలోలవాడు నాలుగు నెలల్లో 62కి వస్తే, 62 మంచి బరువే కదా అంటారు. గుండెకి తెలియదండీ అది మంచి బరువని. వేగంగా అంత పోగొట్టుకున్న ఒళ్లు, ఎముకల గూడులా ఉన్నవాడి ఒళ్లంత ప్రమాదంలో ఉండొచ్చు. పైగా ఈ వయసు అబ్బాయిల్లో కొవ్వు నిల్వ ఆడపిల్లల కంటే తక్కువ, త్వరగా కండ కరగడం మొదలవుతుంది. గుండె కూడా కండే.

నాడి చూడండి. పొద్దున్నే మెలకువ వచ్చాక, మంచం దిగకముందు, అయిదు నిమిషాలు పడుకోబెట్టి, మణికట్టు దగ్గర, పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకండి. మేలుకుని ఉన్నప్పుడు 50 కంటే తక్కువ ఉంటే ఆ రోజే ఆసుపత్రి. ‘మావాడు రన్నర్ అండీ, రన్నర్లకి నాడి తక్కువే ఉంటుంది’ అంటారు. ఆ సాకు వల్ల పోయిన సమయం ఇంతా అంతా కాదు. ఒక తేడా ఉంది. తిండి తిన్న క్రీడాకారుడు లేచి గది అటూ ఇటూ నడిస్తే నాడి పెద్దగా పెరగదు. పస్తులున్నవాడికి ఆ నాలుగడుగులకే ఎగిరి కూర్చుంటుంది. తర్వాత, లేచి నిలబెట్టి రెండు మూడు నిమిషాలాగి మళ్లీ చూడండి. కళ్లు తిరిగినా, పై బీపీ 20 పాయింట్లు పడినా ప్రమాదమే. ఇంకోటి, గొంతుక్కూర్చోమనండి. చేతులు మోకాళ్ల మీద ఆనించకుండా లేవగలడా? లేవలేకపోతే కండ పోయింది, ఆలస్యం చెయ్యకండి.

ఆసుపత్రిలో ఏం అడగాలి? ఈసీజీ. అందులో క్యూటీసీ అని ఒక అంకె ఉంటుంది, గుండె ఒక దెబ్బ కొట్టి మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం; మగవాళ్లలో అది 450 మిల్లీసెకన్లు దాటితే జాగ్రత్తపడాలి. సోడియం, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, షుగర్, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, థైరాయిడ్. మన దగ్గర చిక్కిపోయిన కుర్రాడంటే క్షయ పరీక్ష తప్పనిసరి, చెయ్యాల్సిందే. పదిహేనేళ్లవాడికి దాహం, మూత్రం ఎక్కువగా ఉంటే టైప్ 1 మధుమేహం చూడాలి. పేగు జబ్బులూ చూడాలి. కానీ అన్ని రిపోర్టులూ నార్మల్ వచ్చాయని ఇంటికి పంపేశారనుకోండి, అక్కడే పొరపాటు. ఒళ్లు చివరిదాకా రక్తంలో అంకెల్ని నిలబెట్టుకుంటుంది. రక్తం నార్మల్‌గా ఉంది అంటే జబ్బు లేదని కాదు.

అబ్బాయిల్లో నెలసరి లాంటి గుర్తు లేదా? ఉంది. ఎవరూ అడగరు. బరువు పడిపోతే మెదడు నుంచి వచ్చే సంకేతాలు తగ్గి టెస్టోస్టెరాన్ పడిపోతుంది. పొద్దున లేచేటప్పటి అంగస్తంభన ఆగిపోతుంది, కోరిక పోతుంది, గడ్డం రావడం ఆలస్యమవుతుంది. డాక్టరు గారు తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి సూటిగా అడగాలి. అడిగితే చెప్తారు, చాలామందికి లోపల అదే భయం. దీనికి టెస్టోస్టెరాన్ సూదులు పరిష్కారం కాదు, జిమ్‌లో అమ్మే బూస్టర్లు అసలే కాదు. బరువు తిరిగొస్తే హార్మోను తిరిగొస్తుంది. ఎముకల సంగతి వేరు. ఎముక గట్టిపడే వయసు ఇదే, ఇప్పుడు పోయిన సాంద్రత అంతా తిరిగి రాకపోవచ్చు. ఆరు నెలలు దాటిన జబ్బయితే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించాలి.

ఇప్పుడు ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. దయచేసి ఫోన్లు పక్కన పెట్టండి. బాగా పస్తులున్న కుర్రాడు నీరసంగా పడిపోతే మన ఊళ్లలో మొదట చేసే పని ఏంటి? గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. అది ప్రాణం తీయొచ్చు. ఎందుకంటే, ఒక్కసారిగా చక్కెర వచ్చేసరికి ఇన్సులిన్ ఎగుస్తుంది. ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్‌నీ, పొటాషియంనీ, మెగ్నీషియంనీ కణాల్లోకి లాగేస్తుంది. ఫాస్ఫేట్ లేక గుండె, ఊపిరి కండరాలు పనిచెయ్యవు. బీ1 విటమిన్ అడుగంటి మెదడు దెబ్బతింటుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో చెర నుంచి విడిపించిన ఖైదీలకి తిండి పెట్టగానే కొందరు చనిపోవడం చూసి వైద్యులు నేర్చుకున్న పాఠం అది. ఎవరికి భయం ఎక్కువ? పదిరోజులుగా ఇంచుమించు ఏమీ తిననివాళ్లకి, కొద్ది నెలల్లో బరువులో 15 శాతానికి మించి పోగొట్టుకున్నవాళ్లకి, మొదటే ఫాస్ఫేట్ తక్కువున్నవాళ్లకి. వీళ్లకి తిండి ఆసుపత్రిలో మొదలుపెట్టాలి. ముందు థయామిన్, అంటే ఆ బీ1 విటమినే, తర్వాత పిండిపదార్థం. మొదటి వారం ఫాస్ఫేట్ రోజూ చూడాలి.

అలాగని భయపడి మరీ చుక్కచుక్కగా పెట్టడమూ తప్పే. వెనకటికి చాలా తక్కువతో మొదలుపెట్టేవాళ్లు, పిల్లలు ఆసుపత్రి మంచం మీదే ఇంకా తగ్గిపోయేవాళ్లు. అమెరికాలో కౌమార వయసు పిల్లల మీద చేసి 2021లో ఫలితాలిచ్చిన పోలికలో, రోజుకి 2000 క్యాలరీలతో మొదలుపెట్టినవాళ్లు 1400తో మొదలైనవాళ్ల కంటే త్వరగా నిలదొక్కుకున్నారు, లవణాల ఇబ్బందీ పెరగలేదు. రోజూ రక్తపరీక్ష ఉన్న చోట చేసిన పని అది, ఇంట్లో చేసేది కాదు.

వంటింటి వైద్యం

గుండె నిలకడగా ఉంటే అసలు వైద్యం ఇంట్లోనే. పద్దెనిమిది లోపు పిల్లలకి ఎక్కువ ఆధారాలున్న పద్ధతి లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో పుట్టింది. కుటుంబ వైద్యం. సుమారు ఇరవై సిటింగులు, ఆరు నెలల నుంచి ఏడాది. మొదటి దశలో ఏం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో పూర్తిగా తల్లిదండ్రులదే. రెండో దశలో కొంచెం కొంచెంగా పిల్లాడికి తిరిగిచ్చేస్తారు. మూడో దశలో వయసుకి తగ్గ మిగతా సంగతులు. 2010లో వచ్చిన అమెరికా పరిశోధనలో వైద్యం ముగిసిన ఏడాదికి ఈ పద్ధతిలో 49 శాతం పూర్తిగా కోలుకున్నారు, విడిగా కౌన్సెలింగ్ ఇచ్చినవాళ్లలో 23 శాతం. సగం మందికి ఇదీ చాలలేదన్నమాట. ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

ఇందులో మొదటి నియమం, ఎవరి వల్ల వచ్చిందీ అన్న విచారణ లేదు. ‘నీ పెంపకం వల్లే’ అని అత్తగారు కోడల్ని అనకూడదు. జన్యువుల వాటా పెద్దదే ఈ జబ్బులో. రెండోది, ఇంట్లో పెద్దలందరిదీ ఒకే మాట. అమ్మ రెండు గరిటెలు వేస్తే నాన్న ‘పోనీలే, ఒకటి తీసెయ్’ అన్నాడా, ఆ పూట జబ్బు గెలిచింది. నాన్న గల్ఫ్‌లో ఉంటే భోజనం వేళకి వీడియో కాల్‌లో ఉండాలి. నానమ్మకి కూడా విషయం చెప్పి కూర్చోబెట్టండి. మన ఇళ్లలో ఆవిడ పక్కన కూర్చుంటే సగం పని అవుతుంది.

ఎంత పెట్టాలి? మీరు వింటే ఆశ్చర్యపోతారు. ఎదిగే అబ్బాయి వారానికి అరకిలో పెరగాలంటే చాలామందికి రోజుకి 3000 క్యాలరీలు దాటాలి, కొందరికి 4000 దాకా పోతుంది. తినడం మొదలుపెట్టాక ఒళ్లు వేడెక్కి ఖర్చు పెంచేస్తుంది, అందుకని ‘ఇంత తింటున్నా పెరగట్లేదు’ అని రెండో నెలలో కంగారుపడతారు. అప్పుడు తగ్గించకండి, పెంచండి. మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లు. కుప్పలు కుప్పలుగా అన్నం పెడితే కడుపు పట్టదు, కాబట్టి చిన్న పరిమాణంలో ఎక్కువ బలం ఉండాలి. టేబుల్ స్పూను నెయ్యి అంటే 120 క్యాలరీల పైమాటే. గ్లాసుడు చిక్కటి గేదెపాలు రెండు వందలు. వంద గ్రాముల వేరుశెనగలు 560. ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు, మినపసున్నుండలు, పల్లీపట్టి, గుడ్డు పచ్చసొనతో సహా. మన వంటింట్లో లేనిదేముంది? ప్రొటీన్ పొడి డబ్బాతో భోజనం సరిపెట్టనివ్వకండి. ఈ లెక్కలు మీకోసం, పిల్లాడి ముందు ఒక్క అంకె కూడా ఎత్తకండి. వంటింట్లో త్రాసు తీసేయండి, ఫోన్‌లో క్యాలరీ యాప్ తీసేయండి.

వడ్డన మీది. వాడు వంటింట్లోకి రాకూడదు కొన్నాళ్లు. భోజనానికి అరగంట, చిరుతిండికి పావుగంట. మీరూ పక్కనే కూర్చుని అదే తినండి. వాదించకండి. ‘ఇందులో నూనె ఎంత పోశావ్’ అంటాడు. జవాబు చెప్తే గంట గడుస్తుంది. ‘కష్టంగా ఉందని తెలుసు నాన్నా. ఇది తినాలి. నేనిక్కడే ఉంటాను’, అంతే. అదే మాట పదిసార్లు, గొంతు పెంచకుండా. కంచం విసిరేస్తే తుడిచి మళ్లీ వడ్డించండి. తిన్నాక గంటసేపు కూడా కూర్చోండి. క్యారమ్స్ ఆడండి, క్రికెట్ చూడండి. ‘హమ్మయ్య, బుగ్గలొచ్చాయి’ అని మాత్రం అనకండి. మీకది దీవెన, వాడికది శాపంలా వినిపిస్తుంది. ‘దిష్టి తగిలింది’ అని దిష్టి తీస్తే తీయండి, నాకేం అభ్యంతరం లేదు, తీశాక అన్నం పెట్టండి.

బరువు వారానికి ఒక్కసారి, క్లినిక్‌లో, అదే మిషను మీద, మూత్రానికి వెళ్లొచ్చాక, పల్చటి బట్టల్లో. ఎంత బరువుకి చేరాలి? బీఎమ్ఐ, అంటే ఎత్తుకి బరువు సరిపోయిందా అని చూసే లెక్క, పద్దెనిమిదిన్నర అని ఒక అంకె పట్టుకోకండి. జబ్బుకి ముందు ఆ పిల్లాడు ఏ గీత మీద పెరుగుతున్నాడో, ఇప్పుడు ఆ గీత ఎక్కడుండాలో అదీ గమ్యం. 

వ్యాయామం పూర్తిగా ఆపాలి. పీఈటీ గారికి ఉత్తరం ఇవ్వండి. రాత్రి బాత్రూంలో పుషప్స్, నిలబడి చదవడం, అక్కర్లేకుండా మేడ మెట్లు ఎక్కి దిగడం, అవి కూడా వ్యాయామమే. నాడి, బరువు కుదుటపడ్డాక ముందు నలుగురితో ఆట, చివరికి ఒంటరి పరుగు. కుస్తీ, బాక్సింగ్, జూడో నేర్పేవాళ్లు ఇక్కడుంటే ఒక మాట. 1997 చివర్లో అమెరికాలో దాదాపు నెల రోజుల్లోనే ముగ్గురు కాలేజీ మల్లయోధులు కేటగిరీ కోసం బరువు దించుకుంటూ చనిపోయారు. అక్కడ నిబంధనలే మార్చారు. 

మందులు? ఈ జబ్బుని నయం చేసే మాత్ర లేదు. ఓలాంజపీన్ అనే మానసిక వైద్యుల మందు కొందరికి కొంచెం సాయం. దిగులు తగ్గించే మాత్రలు బరువు రాకముందు పెద్దగా పనిచెయ్యవు. ఇక ముందుకి పోదాం.

హాస్టల్ పిల్లల సంగతి. వార్డెన్లూ, రెండు వందల మంది తినే మెస్‌లో ఎవరు తినలేదో కనిపించదు, మీ తప్పు కాదు. కానీ మెస్‌కి రాకుండా గదికి డబ్బా తెప్పించుకునేవాణ్ని, ప్యాంటు బెల్టుకి కొత్త రంధ్రాలు పొడుచుకున్నవాణ్ని, తెల్లవారుజామున నాలుగింటికి గ్రౌండులో పరిగెత్తేవాణ్ని చూస్తే ఇంటికి చెప్పండి. ఈ జబ్బుకి హాస్టల్‌లో ఉంచి వైద్యం కుదరదు. ఆరుపూటలా పక్కన ఒక మనిషి ఉండాలి. ‘ఈఏపీసెట్ ఉందండీ’ అంటారు. ఈఏపీసెట్ వచ్చే ఏడాది కూడా ఉంటుంది. మోర్టన్ ఆ అబ్బాయికి మొదట చేయించిన పనేంటి? పుస్తకాలు పక్కన పెట్టించాడు.

చచ్చిపోవాలని ఉందా అని పిల్లాణ్ని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఈ జబ్బుతో పోయినవాళ్లలో అయిదుగురిలో ఒకరు ఆత్మహత్య వల్ల పోయారని 2011లో అనేక అధ్యయనాలు కలిపి చూసిన లెక్క. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఫోన్లు కాదు, ఎమర్జెన్సీ.

చీటీలు వచ్చాయి, ఒకటి చదువుతాను. ‘మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు, బెంగళూరులో ఉద్యోగం, మేం తినిపిస్తే తింటాడా?’ అని ఒక అమ్మ రాశారు. పెద్దవాళ్లకి వైద్యం వేరుగా ఉంటుందమ్మా, ఈ జబ్బు కోసమే మలిచిన సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం లాంటివి, వారం వారం, నలభై సిటింగుల దాకా. బెంగళూరులోనే ఉన్నాడు కాబట్టి అక్కడ నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థ ఉంది. కానీ అతను ఒప్పుకుంటే మీరు వెళ్లి రెండు నెలలు అక్కడుండి వండిపెట్టండి. అడగండి, వద్దంటే వారం ఆగి మళ్లీ అడగండి. డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు కాలేజీలో చేరినప్పటి ఫోటో ఒకటి, అప్పటి బరువు, ఇప్పటి బరువు, మూడు రోజుల పొద్దుటి నాడి కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లండి. రెండో చీటీలో రాత సరిగ్గా అర్థం కావట్లేదు, రాసినవాళ్లు ముందుకొచ్చి అడగండి.